రిసీవర్‌గా వెళ్తున్న మేనకోడలికి

హుజూర్‌నగర్,
ఆదివారం.



పార్టిషన్ దావాలో కోర్టు నిన్ను రిసీవర్‌గా వేసిందని మీ అమ్మ చెప్పింది. సూర్యాపేట బార్‌లో చేరి ఎన్నో ఏళ్లు కాకముందే జడ్జిగారు నీ పేరు రాశారంటే నీ పని మీద నమ్మకం ఉన్నట్టే. సంతోషం. అయితే మొన్న ఫోన్‌లో నువ్వు అడిగిన మొదటి మాట "పొలం స్వాధీనం చేసుకోవడానికి ఎప్పుడు పోవాలె మామయ్యా" అని. ఆర్డరు కాపీ వచ్చిందా అంటే "అప్లై చేసిన" అన్నావు. కాపీ చేతికి రాకుండా, వచ్చాక రెండుసార్లు చదవకుండా ఆ గెట్టు మీద కాలు పెట్టొద్దు. మిగతా సంగతులు ఫోన్‌లో చెబితే సగమే వింటావు కనుక రాస్తున్నాను. దావాలోని ఆ అన్నాచెల్లెళ్లలో న్యాయం ఎవరి వైపుందన్న జోలికి నేను పోను. నువ్వు కూడా పోవద్దు, అది జడ్జిగారి పని.

రిసీవర్‌కు సొంతంగా ఏ అధికారమూ ఉండదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 40, రూల్ 1 చూడు. ఆస్తిని కాపాడటం, కిరాయిలు, పంట ఆదాయం వసూలు చేయడం, దావాలు వేయడం, కాగితాలు రాసివ్వడం వంటి యజమానికి ఉండే అధికారాలన్నీ కోర్టు ఇవ్వొచ్చు, వాటిలో తనకు తగినవనిపించినవే ఇవ్వొచ్చు. నీ ఆర్డరులో ఏవి రాశారో అవే నీవి. ముల్గీల (దుకాణాల) కిరాయి వసూలు చేయమని ఉంటే వసూలు చెయ్యి. ఖాళీ అయిన ముల్గీలో కొత్తవాణ్ని పెట్టమని అందులో లేకపోతే పెట్టకు. అనుమానం వస్తే ఒక పిటిషన్ వేసి, డైరెక్షన్స్ కావాలని అడుగు. చిన్న విషయానికి కూడా కోర్టుకెక్కుతున్నావని బార్‌లో నవ్వుతారు, నవ్వనీ.

నిన్ను ఎందుకు వేశారో కూడా తెలిసి ఉండాలి. రిసీవర్‌ను వేయడం మామూలు ఉపశమనం కాదు. విచారణ పూర్తి కాకముందే, హక్కు ఎవరిదో తేలకముందే, అనుభవంలో ఉన్న మనిషి చేతిలోంచి ఆస్తిని తీసుకోవడం అది. 1955లో మద్రాసు హైకోర్టులో జస్టిస్ రామస్వామి, టి. కృష్ణస్వామి చెట్టి కేసులో ఇందుకు ఐదు సూత్రాలు చెప్పి, వాటికి 'పంచ సదాచారాలు' అని పేరు పెట్టారు. ఇప్పటికీ మన కోర్టుల్లో రిసీవర్ పిటిషన్ మీద వాదనంటే అక్కడి నుంచే మొదలవుతుంది. ఆస్తికి నష్టం జరిగే ప్రమాదం కనపడాలి, అడిగినవాడి కేసులో పస ఉండాలి, అతని నడవడి మచ్చలేనిదై ఉండాలి అన్నవి అందులోవే. అంటే ఇన్నాళ్లు ఆ పొలం దున్నుకున్న పెద్దాయన మీద కోర్టుకు కొంత అనుమానం కలిగిందన్నమాట. ఆ సంగతి ఆయనకూ తెలుసు. నువ్వు పోతే ఆయన నీకు కుర్చీ వేయడు. ఆయన చెల్లెలు దావా వేసింది కనుక ఆమె ఇంట్లో కుర్చీతో పాటు చాయ్ కూడా వస్తుంది. ఆ కుర్చీలో కూర్చోకు.

ఇంకో సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు. నీకు జీతం లేదు, సర్కారు ఉద్యోగం అంతకన్నా లేదు, అయినా ఈ పని మీద ఉన్నంతకాలం నువ్వు పబ్లిక్ సర్వెంటువి. పాత ఐపీసీ 21వ సెక్షన్‌లో కోర్టు అధికారుల లెక్కలో లిక్విడేటరు, రిసీవరు, కమిషనరు అని పేరు పెట్టి మరీ రాశారు. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలోనూ అదే ఉంది. 1988 అవినీతి నిరోధక చట్టంలోనూ కోర్టు వేసిన రిసీవరు ఉన్నాడు. కౌలు ఫలానా వాడికే వచ్చేలా చూడమని ఎవరైనా నీ టేబుల్ మీద కవరు పెడితే, అది ఎమ్మార్వో టేబుల్ మీద పెట్టినదానితో సమానం. కోర్టు సొమ్ము వాడుకుంటే పబ్లిక్ సర్వెంటు చేసిన నమ్మకద్రోహం కిందికి వస్తుంది, శిక్ష యావజ్జీవం దాకా ఉంది. నిన్ను భయపెట్టడానికి రాయడం లేదు. రిసీవర్‌గిరీని ఏదో పైసంపాదన అనుకునే సీనియర్లు ప్రతి బార్‌లోనూ ఒకరిద్దరు ఉంటారు. వాళ్ల మాటలు నీ చెవిన పడకముందే ఇది పడాలని.

దీనికి రెండో పక్క కూడా ఉంది. నువ్వు స్వాధీనం చేసుకున్న క్షణం నుంచి ఆ ఆస్తి కోర్టు చేతిలో ఉన్నట్టు. 1977లో ఎవరెస్ట్ కోల్ కంపెనీ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ మాట స్పష్టంగా రాశారు. నిన్ను అడ్డుకుంటే కోర్టును అడ్డుకున్నట్టే. కోర్టు అనుమతి లేకుండా నీ మీద దావా వేయడానికీ లేదు. కాబట్టి పెద్దాయన కొడుకులు మోటారు స్టార్టరు పీకేసినా, దారికి అడ్డంగా ముళ్లకంప వేసినా నువ్వు గొంతు పెంచకు. ఫొటో తీసి, రిపోర్టు రాసి, కోర్టులో పెట్టు. పోలీసు సాయం కావాలంటే అదీ కోర్టు ద్వారానే అడుగు. ఎస్సైతో నీకున్న పరిచయం ఇక్కడ పనికిరాదు.

ఇక మొదటి రోజు. రెండు పక్షాల లాయర్లకూ ముందే నోటీసు ఇచ్చి, ఊళ్లో ఇద్దరు పెద్దమనుషుల్ని పిలిచి పంచనామా చెయ్యి. "పొలం, అందులోని సామాను" అని ఒక్క ముక్కలో రాసే పంచనామాలు చూశాను, అవి కాగితం దండగ. సర్వే నంబరు వారీగా రాయి. బోరు మోటారు ఎన్ని హెచ్‌పీదో, స్టార్టరు పెట్టె ఉందో లేదో, పైపులెన్ని, గడ్డివాము ఉందా, గెట్టు మీది వేపచెట్లెన్ని, టేకు మొక్కలెన్ని, అన్నీ రాయి. ముల్గీల్లో ఎవరున్నారు, ఎప్పటి నుంచి, అడ్వాన్సు ఎంత, కరెంటు మీటరు ఎవరి పేరున ఉంది, ఆ రోజు రీడింగు ఎంత. పదేళ్ల తర్వాత ఆ టేకు చెట్లను ఎవరో నరికితే, ఎన్ని ఉండేవో చెప్పగలిగేది ఆ కాగితం ఒక్కటే.

యాసంగి వరి ఇప్పుడు పొట్ట మీద ఉంది. నీ కష్టమంతా ఇక్కడే ఉంటుంది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్ల కింద మన పక్కన సన్నాలే ఎక్కువ. కోత మిషను దిగిన రోజే పచ్చి వడ్లు ట్రాక్టరెక్కి మిర్యాలగూడ మిల్లులకు పోతాయి. లేదంటే ఊళ్లోని కొనుగోలు కేంద్రానికి. మిల్లుకు తోలితే ఆ రోజు రేటు, తేమ, తరుగు, హమాలీ అన్నీ తక్‌పట్టీలో పడేలా చూసుకో, ఒరిజినల్ నీ దగ్గర పెట్టుకో. ఒక్క మిల్లుతో మాట్లాడి ఊరుకోకు, మూడు చోట్ల రేటు రాయించుకుని మంచి రేటున్న చోటికే తోలు. కేంద్రంలో పోస్తే ఇంకో చిక్కుంది. అక్కడ డబ్బు పడేది పట్టాదారు ఖాతాలో. భూభారతిలో ఆ భూమి ఇంకా పెద్దాయన పేరునే ఉంది, రిసీవర్‌ను వేసినంత మాత్రాన రికార్డు మారదు. సన్నాలకు సర్కారిచ్చే క్వింటాలుకు 500 బోనసు వేరుగా వస్తుంది, రైతు భరోసా కింద ఎకరానికి సీజనుకు 6,000 ఇంకో దారిలో వస్తుంది. ఇవన్నీ నీ చేతికి రాకుండానే ఆయన ఖాతాకు పోతాయి. వడ్లు కాంటా అయ్యాక ఈ గొడవ ఎత్తితే లాభం లేదు. కోతకు ముందే పిటిషన్ వెయ్యి. పంట తాలూకు సొమ్ము పెద్దాయన ఖాతాలో పడితే వారం లోపల కోర్టులో డిపాజిట్ చేయాలనో, లేక మిల్లుకే అమ్మి డీడీ తీసుకోవాలనో ఏదో ఒక ఆర్డరు ఉండాలి. రైతు భరోసా పంట ఆదాయమా, పట్టాదారుకు సర్కారిచ్చే సాయమా అన్నదాని మీద రెండు పక్షాలూ కొట్లాడతాయి. ఆ కొట్లాట నీ ముందు జరగనివ్వకు, బెంచి ముందు జరగనీ.

పొలంలో కౌలు చేసేవాడు ఎవరైనా ఉంటే, వాణ్ని వెళ్లగొట్టమని ఇద్దరూ నిన్ను తొందర పెడతారు. ఆర్డర్ 40 రూల్ 1లో చివరి మాట చదువు. దావాలోని పార్టీలకే ఇప్పటికిప్పుడు వెళ్లగొట్టే హక్కు లేని మనిషిని రిసీవర్ పేరు చెప్పి వెళ్లగొట్టడానికి వీల్లేదు. పెట్టుబడి పెట్టి నాటు వేసుకున్నవాడి పంట మీదికి కోర్టు కాగితంతో పోవడం అన్యాయమే కాదు, చట్టానికి కూడా విరుద్ధం. వాడి దగ్గర కౌలు వసూలు చెయ్యి, రసీదివ్వు, చాలు.

వానాకాలానికి కౌలు వేలం పెట్టమని ఆర్డరు ఉంటే, ఊళ్లో చాటింపు వేయించు, పంచాయతీ ఆఫీసు గోడకు నోటీసు అంటించు, పాడినవాళ్లందరి పేర్లూ పాటలూ రాసి సంతకాలు తీసుకో. నీ చుట్టాలు, నీ ఆఫీసు గుమస్తా, పార్టీల లాయర్ల మనుషులు ఎవరూ పాట పాడకూడదు. ఒక్క పంటకే ఇవ్వు. పాటదారు తర్వాత వచ్చి వరదకు పంట పోయింది, కౌలు తగ్గించమంటే నీకు నువ్వుగా సరే అనకు. 2024 సెప్టెంబరు మొదట్లో వానలకు నడిగూడెం దగ్గర ఎడమ కాలువకు గండి పడి పొలాలు మునిగాయి. అలాంటప్పుడు తగ్గించడం న్యాయమే కావచ్చు. అయినా తగ్గించేది కోర్టు. నువ్వు చేయవలసింది ఫొటోలు, వ్యవసాయాధికారి నష్టం అంచనా జతపెట్టి రిపోర్టు ఇవ్వడం.

నడిగూడెం అంటే ఒకటి గుర్తొచ్చింది. కోదాడ దారిలో మునగాల పరగణా ఒకప్పుడు నైజాం మధ్యలో ఉన్నా మద్రాసు వాళ్ల కృష్ణా జిల్లాలోది. నాయని వెంకట రంగారావుగారి జమీందారీ. కొమర్రాజు లక్ష్మణరావుగారు అక్కడ దివాన్. విజ్ఞానచంద్రికా మండలి, విజ్ఞాన సర్వస్వం అన్నీ ఆయన ఈ దివాన్‌గిరీ చేస్తూ నడిపినవే. జమీందారు మైనరైతే ఎస్టేటును సర్కారు చేతిలోకి తీసుకోవడానికి అటు 1902 మద్రాసు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చట్టం, మన హుజూర్‌నగర్ పక్కన 1350 ఫస్లీ నాటి హైదరాబాదు చట్టం ఉండేవి. గెట్టుకు అటొక చట్టం, ఇటొక చట్టం. నేను చెప్పదలచింది ఇది: దివాన్‌ను లెక్క అడగడానికి జమీందారు ఉంటాడు. నిన్ను అడగడానికి యజమాని లేడు, ఎవరు యజమానో తేలనే లేదు. అడగవలసింది కోర్టే.

కోర్టు అడుగుతుందా? చట్టం అయితే గట్టిగానే రాసి ఉంది. రూల్ 3 ప్రకారం జామీను ఇవ్వాలి, కోర్టు చెప్పిన గడువుల్లో లెక్కలు పెట్టాలి, తేలిన సొమ్ము కట్టాలి. నీ ఉద్దేశపూర్వక తప్పు వల్లగాని, ఘోరమైన నిర్లక్ష్యం వల్లగాని నష్టం వస్తే నువ్వే బాధ్యురాలివి. రూల్ 4 ప్రకారం లెక్క పెట్టని రిసీవర్ సొంత ఆస్తిని జప్తు చేసి, అమ్మి, నష్టం పూడ్చవచ్చు. ఇంత పదునైన నిబంధన ఉండి కూడా, నా ప్రాక్టీసంతటిలో రూల్ 4 కింద అమ్ముడుపోయిన రిసీవర్ ఇల్లు నేను చూడలేదు. జడ్జిగారు బదిలీ మీద పోతారు, కొత్తవారు వచ్చేసరికి పెండింగ్ వందల్లో ఉంటుంది. రిసీవర్ లెక్క వస్తే "ఫైల్డ్" అని రాసి మిసిల్‌లో పెడతారు. అవతలి పక్షం అభ్యంతరం వేస్తేనే ఎవరైనా దాన్ని తెరుస్తారు. పక్క తాలూకాలో ఒక రిసీవర్ ఏళ్లకేళ్లు వేసిన లెక్కలు ఒకసారి నా చేతికి వచ్చాయి. ఎడమ వైపు వసూళ్లు గుండు సున్నాలతో చక్కగా ఉన్నాయి. కుడి వైపు ఖర్చుల్లో ప్రతి పేజీ చివరా "ఇతరములు" అని ఒకే ముక్క, అదే అన్నిటికన్నా పెద్ద అంకె, రసీదు మాత్రం ఒక్కదానికీ లేదు. అన్నదమ్ములిద్దరూ ఒకరినొకరు తిట్టుకోవడంలో పడి ఆ పేజీ తిప్పనే లేదు.

ఈ విషయంలో నాకు కోర్టుల మీదే కోపం. పక్కనే చూడు. కృష్ణకు అవతల దాచేపల్లిలో ఆంధ్రా సిమెంట్స్ దివాలాకు వచ్చింది. 2016 దివాలా చట్టం కింద ఎన్‌సీఎల్‌టీ పెట్టిన నిపుణుడు దాని వ్యవహారాలు చూశాడు. 2023 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ ఆమోదంతో మన మఠంపల్లి సాగర్ సిమెంట్స్ వాళ్లు దాన్ని తీసుకున్నారు. ఆ నిపుణుడి పైన ఐబీబీఐ అనే నియంత్రణ సంస్థ ఉంది, అతనికి రిజిస్ట్రేషన్ ఉంది, తప్పు చేస్తే అది రద్దవుతుంది, మొత్తం వ్యవహారానికి 330 రోజుల గడువు కూడా చట్టంలో రాసి ఉంది. బ్యాంకుల సొమ్ము ఇరుక్కుంటే ఇంత కాపలా పెట్టగలిగిన దేశం, పద్నాలుగెకరాల మాగాణి, మూడు ముల్గీల దగ్గరికి వచ్చేసరికి ఒక లాయరు మనస్సాక్షికి వదిలేసింది. మన సివిల్ రిసీవర్‌కు గడువూ లేదు, ఆడిటరూ లేడు.

నీ కేసులో ఇది ఇంకా ఎక్కువ కుట్టే విషయం. పెద్దాయనకు చనిపోయిన తమ్ముడు ఒకడున్నాడు, అతని కొడుకు మైనరు. దావాలో తల్లి ఆ పిల్లవాడి తరఫున నిలబడింది. పెద్దాయనకు లాయరున్నాడు, చెల్లెలికి లాయరున్నాడు, నీ లెక్కలో పైసా తేడా వస్తే పట్టుకునే ఓపిక వాళ్లకుంది. ఆ పిల్లవాడి వాటా లెక్క చూసేది ఎవరు? వాళ్ల నాయన హైవే మీద ప్రమాదంలో పోయాడు కదా, ఆ పరిహారంలో పిల్లవాడి వాటా బ్యాంకులో ఎఫ్‌డీగా ఉండాలి. 1993లో సుసమ్మ థామస్ కేసులో సుప్రీంకోర్టు మైనర్ల సొమ్ము మేజరయ్యే దాకా డిపాజిట్‌లో ఉంచమంది. పెద్దవాళ్లు ఊడ్చుకుపోకుండా అది మంచి కట్టుబాటే. తర్వాత అందరికీ ఒకే తాళం వేసే అలవాటు ముదిరింది. పిల్లవాడి ఫీజుకు తల్లి చెక్ పిటిషన్ వేస్తే నెలలు తిరగాలి. 2012లో ఎ.వి. పద్మ కేసులో సుప్రీంకోర్టే, ప్రతి కేసులో యాంత్రికంగా డిపాజిట్ చేయడం తప్పని, మనిషి పరిస్థితి చూసి నిర్ణయించమని చెప్పింది. పిల్లవాడి భూమి సంగతి అయితే నీకు తెలుసు: 1956 హిందూ మైనారిటీ చట్టం 8వ సెక్షన్ ప్రకారం కన్నతల్లి కూడా కోర్టు అనుమతి లేకుండా అమ్మలేదు, ఐదేళ్లు మించి కౌలుకివ్వలేదు. కోర్టు వేసిన గార్డియన్ అయితే 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద, కోర్టు అడిగితే ఆరు నెలల్లో ఆస్తి జాబితా ఇవ్వాలి, లెక్కలు చూపాలి. ఆ లెక్కలను ఆడిట్ చేయించి ఆడిటరుకు ఫీజు ఇప్పించే అధికారం 34-ఎ సెక్షన్‌లో ఉంది. మన జిల్లా కోర్టుల్లో దాన్ని వాడమని అడిగే లాయరు కావాలి. రేపు నువ్వు అడుగు.

మతి స్థిమితం లేనివాళ్ల సంగతి మరీ అన్యాయం. 1987 మానసిక ఆరోగ్య చట్టంలో వాళ్ల ఆస్తికి మేనేజరును వేసే అధ్యాయం ఉండేది. 2017 చట్టం వచ్చి పాతది పోయింది, ఆ అధ్యాయానికి సాటిది కొత్తదాంట్లో లేదు. కోమాలో ఉన్న భర్త ఖాతా నుంచి ఆస్పత్రి బిల్లు కట్టడానికి కూడా భార్య హైకోర్టులో రిట్ వేయవలసి వస్తోంది. కాపలా మరీ ఎక్కువైతే ఎట్లా ఉంటుందో మీ తరానికి తెలిసిన కథే, అమెరికాలో ఆ పాటల పిల్ల బ్రిట్నీ స్పియర్స్. 2008 నుంచి 2021 నవంబరు దాకా, పెరిగి పెద్దయి ఇద్దరు పిల్లల్ని కన్న మనిషి సంపాదన మీద కోర్టు వేసిన కాపలాదారులే పెత్తనం చేశారు, లాయర్ల ఫీజులన్నీ ఆమె సొమ్ములోంచే. కాగితాల మీద అక్కడ పర్యవేక్షణకు లోటేమీ లేదు.

నీ పనికి వస్తాను. లెక్క ఆర్డరులో ఆరు నెలలకోసారి అని ఉన్నా, నువ్వు పంట పంటకూ పెట్టు. వచ్చిన ప్రతి రూపాయీ చలాన్ కట్టి కోర్టు డిపాజిట్‌లో వెయ్యి. నీ సొంత ఖాతాలో ఒక్క రాత్రి కూడా ఉండకూడదు. చిల్లర ఖర్చులకు కోర్టు కొంత ముందుగా ఇప్పిస్తే దానికి వేరే నోటు పుస్తకం పెట్టు. రసీదు దొరకని ఖర్చు ఉంటుంది. ఆటో కిరాయి, చాటింపు వేసినవాడికి ఇచ్చింది. దానికి తేదీ, మనిషి పేరు, సంతకమో వేలిముద్రో తీసుకో. "ఇతరములు" అన్న పద్దు నీ లెక్కలో కనపడకూడదు. నీ ఫీజు రూల్ 2 కింద కోర్టు ఎంత నిర్ణయిస్తే అంతే, అది కూడా కోర్టు నుంచే. పార్టీలు "మధ్యలో ఇది ఖర్చులకుంచు" అంటే తీసుకోకు. ఆ భూమి, అందులోని చెట్టు, పాత మోటారు ఏదీ నువ్వు గాని, నీ మనుషులు గాని కొనకూడదు. రేపు డిక్రీ అయిపోయిందని ఊరుకుంటావేమో. హీరాలాల్ పట్నీ కేసులో సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది, కోర్టు నిన్ను డిశ్చార్జి చేసే దాకా నీ బాధ్యత పోదు. చివరి లెక్క పాసై, డిశ్చార్జి ఆర్డరు కాపీ నీ బీరువాలో పడాలి.

మొదటి లెక్క వడ్లు అమ్మిన పదిహేను రోజుల్లో వెయ్యి. కాపీలు రెండు పక్షాల లాయర్లకే కాదు, ఆ పిల్లవాడి తల్లి చేతికి ఒకటి స్వయంగా ఇచ్చి, ఆమెకు చదువు రాకపోతే కూర్చోబెట్టి చదివి వినిపించు, అభ్యంతరం ఉంటే ఎన్నో తేదీలోగా చెప్పాలో ఆ కాగితం మీదే రాసివ్వు. నాకు మాత్రం చూపించొద్దు. పెద్దాయన తరఫున నిలబడ్డ లాయరు ఒకప్పుడు నా దగ్గర జూనియరు.

ఆశీస్సులతో,
మీ మామయ్య